చెట్టు సగం, మనిషి సగం

బేతంచెర్లలో పొద్దున ఏడు కాకముందే రాళ్ళ మిషన్లు మొదలైతాయి. ఆ రొద చెవిన పడగానే చాంద్ బేగం పొయ్యి మీది టీ దించి, రెండు గ్లాసుల్లో పోసుకుని, వీధి వైపున్న అంగట్లోకి వస్తుంది. అంగడంటే ఊరికే పేరుకు. నాలుగు రేకులు, కింద ఒక గోనెపట్ట, గోడకు ఆనించి పదో పన్నెండో పలకలు, అంతే. ఆ గోనెపట్ట మీద ఆమె మొగుడు రసూల్ సాహెబు నలభై రెండేళ్ళుగా కూచుని సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కుతున్నాడు. ముస్లిములకు ఉర్దూలో, క్రైస్తవులకు తెలుగులో. ఆయన చెక్కిన 'ళ' చూసి, చచ్చిపోయినా పరవాలేదు, పేరులో ఒక 'ళ' ఉంటే చాలు అని నవ్వులాటకు అనేవాళ్ళు.

ఆ పొద్దు కమలాపురం నుంచి దావీదురాజు అనే ఆయన జీపు కట్టించుకుని వచ్చాడు. వాళ్ళ నాయన సమాధిరాయి పని అయిపోయిందని కబురు అంది, భార్యను, ఇద్దరు చెల్లెళ్ళను, ముసలి తల్లిని వెంటబెట్టుకుని దిగాడు.

"రాయి అయిపోయింది గదన్నా, ఇంక ఎత్తుకుపోతాం," అన్నాడు.

"యాడ అయిపోయింది? ఇంకో గీత ఉండాది," అన్నాడు రసూల్ సాహెబు.

ఉంది మరి. రసూల్ సాహెబు దగ్గర ఒక పద్ధతి. ఏ రాయైనా కానీ, ఆఖరి గీత సొంతవాళ్ళ కండ్ల ముందరే చెక్కుతాడు. వాళ్ళు వచ్చేదాకా పేరులో ఒక కొమ్మో ఒక సున్నానో తక్కువగా రాయి అట్లే ఉంటుంది. పేరు పలికే నోళ్ళ ముందరే పేరు ముగియాలని, పని నేర్పిన ఉస్తాదు పెట్టిన కట్టుబాటు అది. ఆ ఉస్తాదు ఇంకో కట్టుబాటు కూడా పెట్టి పోయాడు. చాంద్ బేగం ప్రాణం తోడేస్తున్నది ఆ రెండోదే. ముగియని రాయి ఒక్కటి అంగట్లో ఉన్నా సరే, ఉలి కింద పెట్టి పని మానుకోకూడదు.

దావీదురాజు వాళ్ళు చుట్టూ నిలబడ్డారు. రసూల్ సాహెబు బిస్మిల్లా అని ఉలి ఆనించి నాలుగు దెబ్బలు కొట్టాడు. ముసలామె చెంబుతో నీళ్ళు పోసి దుమ్ము కడిగింది. మొగుని పేరు నిండుగా బయటపడేసరికి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. దావీదురాజు ఏడవలేదు గానీ కండ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. రాయిని జీపులోకి ఎక్కించుకుని, మేలు జరగాలని దీవించి వాళ్ళు వెళ్ళిపోయారు. జీపు మలుపు తిరిగిందో లేదో రసూల్ సాహెబుకు దగ్గు అందుకుంది.

ఆ దగ్గుకు మూడేళ్ళ వయసు. మొదట్లో చలికాలం దగ్గన్నారు, తర్వాత బీడీల దగ్గన్నారు, ఆయన పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టలేదు. కర్నూలు పెద్దాస్పత్రిలో రొమ్ముకు ఎక్స్‌రే ఫిల్ము తీశాక డాక్టరమ్మ దాన్ని లైటు మీద పెట్టి చాంద్ బేగంను దగ్గరికి పిలిచింది.

"ఈ తెల్లగా కనబడేదంతా రాతిదుమ్ము తల్లీ. పోయిన దుమ్ము పోయింది, దాన్ని తీయలేం. ఇంక కొత్తది పోకుండా చూసుకుంటే మనిషి మనకు చాలా ఏండ్లు ఉంటాడు. ఇట్లే ఉలి పట్టుకుని కూచుంటే మాత్రం రెండేండ్లు గడిచేది కష్టం."

డాక్టరమ్మ ఆ మాట చెప్పి అప్పటికి ఎనిమిది నెలలు. చాంద్ బేగం రోజుకు ఎనిమిది తూర్లన్నా ఆ మాట మొగుని చెవిన వేసేది. ఆయన విననట్టు ఉండేవాడు కాదు. బాగా విని, తల ఊపి, వీధి వైపు చూపించేవాడు.

"ఆ ఒక్క రాయి ముగియనీ చాందూ. ముగిసిన పొద్దే ఉలి కింద పెడతా. మాట అంటే మాటే."

ఇంక ఆ రాయి సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కిందట కడప నుంచి జయకుమార్ అనే ఏజెంటు వచ్చాడు. హిందూపురం దిక్కున ఏదో కంపెనీలో పని చేసే కొరియావాళ్ళు ఉండే బంగళాలో తోట వేస్తున్నారని, అందులో నిలబెట్టడానికి మనిషెత్తు రాయి కావాలని, దాని నిండా ఒకే ఒక అక్షరం ఉండాలని చెప్పి ఒక కాగితం చేతిలో పెట్టాడు. అది చైనా అక్షరం. రసూల్ సాహెబు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"దీనికి తల యాడ, కాళ్ళు యాడ?"

"నాకేం తెలుసన్నా? పైన బాణం గుర్తు వేసినారు, అట్ల నిలబెట్టు చాలు."

తెలుగు చెక్కేటప్పుడు ఆయన ఎడమ నుంచి వస్తాడు. ఉర్దూ చెక్కేటప్పుడు కుడి నుంచి పోతాడు. ఇది తెలియని అక్షరం, దూరదేశం నుంచి వచ్చిన అక్షరం, మర్యాదగా ఉంటుంది కదా అని కుడి నుంచే మొదలుపెట్టాడు. ఆ అక్షరం పుట్టినప్పటి నుంచి దాన్ని కుడి పక్క నుంచి మొదలుపెట్టిన మొనగాడు మా రసూల్ సాహెబు ఒక్కడేనేమో. కుడి సగంలో నాలుగు గీతలు. ఒక అడ్డగీత, దాని నడుమ నిలువుగీత, రెండు పక్కలకూ జారిన రెండు వాలుగీతలు. నాలుగూ లోతుగా, నిండుగా చెక్కాడు. ఎడమ సగంలో మిగిలింది రెండు గీతలే. అందులో ఏది ఆఖరిదో తెలియదు కాబట్టి రెండూ ఆపేసి, జయకుమార్ రావాలని రాయిని అంగడి ముందర రోడ్డు వారగా నిలబెట్టాడు. జయకుమార్ రాలేదు. ఫోను కలవలేదు.

మరుసటి రోజు పొద్దెక్కేసరికి రాయికి నీడ పడింది. మనిషెత్తు రాయికి మనిషెత్తు నీడ కాదు, ఎదిగిన చింతచెట్టుకు పడేంత నీడ. కొమ్మలు, రెమ్మలు, ఆకుల సందున అక్కడక్కడా ఎండ చుక్కలు. గాలి తోలితే కదిలేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వీధిలో చెట్లన్నీ కొట్టేశారు కాబట్టి అందరికీ బాగా పనికొచ్చింది. టీబండి లేవి ఆ పొద్దే తన బండిని పది గజాలు తోసుకుని వచ్చి దాని కింద పెట్టుకున్నాడు. నంద్యాల బస్సు అక్కడే ఆగడం మొదలైంది. మాఘమాసంలో ఆకు రాలి నీడ పలచబడింది, ఉగాదికి మళ్ళీ చిక్కబడింది. ఈ తూరి చిగురు లేటైందని లేవి కొంచెం విసుక్కున్నాడు, అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

చాంద్ బేగం కూడా ఆ నీడలో చెనిక్కాయలు ఒలుచుకునేది, పక్కింటి రామేశ్వరమ్మతో ముచ్చట్లు పెట్టుకునేది. అయినా ఆ రాయిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. దాని ఎడమ పక్క బోడిగా ఉన్న ఆ జానెడు చోటే తన మొగుని ఊపిరి తింటున్నదని ఆమెకు తెలుసు.

మే నెలలో మనవరాలు శిరీన్ నాలుగు రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. కొడుకు కూతురు. హిందూపురం దిక్కునే ఒక కొరియా కంపెనీ ఆఫీసులో పని చేస్తుంది, రెండేళ్ళుగా వాళ్ళ భాష నేర్చుకుంటున్నది. వచ్చినప్పుడల్లా ఆ నీడలో కూచుని ఫోను చూసుకునేదే గానీ, రాయిని ఎన్నడూ తలెత్తి చూసింది లేదు. ఈ తూరి అక్షరాల జ్ఞానం వచ్చింది కాబట్టి కాబోలు, టీ తాగుతూ తాగుతూ ఆగిపోయింది.

"దాదీ, ఇది చెట్టు గదా!"

"ఆ మాత్రం మాకు తెలుసులేమ్మా. రెండేండ్లుగా దీని కిందనే టీ కాస్తాండా," అన్నాడు లేవి.

"నీడ కాదు మామా, అక్షరం. ఈ అక్షరానికి అర్థమే చెట్టు. కొరియాలో మోక్ అంటారు. వాళ్ళు బేస్తవారాన్ని కూడా దీంతోనే పిలుస్తారు, చెట్టువారం అని. జపానువాళ్ళూ అంతే."

"మనకు బేస్తవారం దర్గా కాడికి పోయే దినం, వాళ్ళకు చెట్టు కాడికి పోయే దినం. బాగుంది," అన్నాడు లేవి.

చాంద్ బేగం చేతిలో గ్లాసు కింద పెట్టి లేచింది. లోపలికి పోయి, రేకుపెట్టెలో దాచిన కాగితం తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది. "ఇదో, దీన్ని చూడు. మీ దాదా సగమే చెక్కినాడు. నిండా చెక్కితే ఏమైతాదో అది చెప్పు."

శిరీన్‌కు ఆ నిండు అక్షరం తెలియలేదు. ఫోటో తీసి తన కొరియా టీచరమ్మకు పంపింది, ఆఫీసులో ఉండే చైనా ఇంజనీరుకు పంపింది, ఆయన ఇంకెవరెవరికో పంపాడు. మరునాడు పొద్దునకు జవాబులన్నీ వచ్చి పడ్డాయి. టీబండి చుట్టూ ఆరేడు మంది చేరారు. రసూల్ సాహెబు మాత్రం అంగట్లోనే కూచుని, ఉలి చప్పుడు కొంచెం తగ్గించి చెవి ఇటు వేశాడు.

"మూడువేల ఏండ్ల కిందటి అక్షరమంట దాదీ. అప్పుడు చైనాలో తాబేటి చిప్పల మీద, ఎద్దు ఎముకల మీద గీకి దేవుణ్ణి ప్రశ్నలు అడిగేవాళ్ళంట. వానొస్తుందా రాదా, పంట పండుతుందా పండదా అని."

"మన మాదిరే," అంది రామేశ్వరమ్మ. "ఏమన్నా చెప్పినాడంటనా దేవుడు?"

"అది రాయలేదక్కా. ఆ ఎముకల మీద కూడా ఇదే బొమ్మ ఉండాదంట. ఇటు పక్క చెట్టు, అటు పక్క మనిషి. చెట్టుకు ఆనుకున్న మనిషి. చైనాలో షియూ అంటారు. అలుపు తీర్చుకోవడం. ఆపడం, మానుకోవడం కూడా అదే. పాతకాలంలో మొగుడు పెండ్లాన్ని వదిలేస్తే ఆ కాగితంలో రాసేదీ ఇదే అక్షరమంట."

"చూడు, చూడు. మనిషి చెట్టు కింద చల్లగా కూచుంటే ఎన్ని బుద్ధులు పుడతాయో," అన్నాడు లేవి.

"నువ్వు నోరు మూసుకుని టీ కాచు లేవీ," అంది చాంద్ బేగం. "నువ్వు చెప్పు శిరీనూ."

"జపానులో దీన్ని యసుమి అంటారు. సెలవు అని. అంగడి మూసిన పొద్దు తలుపుకు ఈ అక్షరమున్న అట్ట తగిలిస్తారంట. కొరియాలో హ్యు. వాళ్ళ తమాషా ఏందంటే, చైనా అక్షరాన్ని ఒట్టి పేరుతో పిలవరు, అర్థం ముందర పెట్టి పిలుస్తారు. అలుపు తీర్చుకునే హ్యు అని."

"నన్ను టీబండి లేవి అని పిలిచినట్టు," అన్నాడు లేవి, తన మాట తనకే నచ్చి.

"ఆఁ, అట్లనే. పెద్ద రోడ్ల మీద లారీలు నిలిపి కునుకు తీసే చోటుకు కూడా ఆ మాటే. వియత్నాంలో ఇప్పుడు అక్షరం రాయడం మానేసినారంట గానీ, మాట నోట్లో మిగిలిపోయిండాది. వాళ్ళకు ఆ మాటంటే ఉద్యోగం దిగిపోవడం. మన పింఛను సార్ల మాదిరి."

అంగట్లో ఉలి చప్పుడు ఆగిపోయింది. చాంద్ బేగం లేచి నిలబడింది.

"అయితే మన రాయి మీద ఇప్పుడు ఏముండాది?"

"చెట్టు ఉండాది దాదీ. మనిషి లేడు."

చాంద్ బేగం ఇంకేమీ వినలేదు. నేరుగా పోయి మొగుని ముందర నడుముకు చెంగు దోపుకుని నిలబడింది. "వింటివా? చైనా వాళ్ళు, జపాను వాళ్ళు, కొరియా వాళ్ళు, ఇంకో దేశం వాళ్ళు, అందరూ ఒకే మాట చెప్తాండారు. కూచోమని! ఆ రెండు గీతలు గీసేసి నువ్వూ కూచో."

"అందరి మాటా వింటి. జయకుమార్‌ను రానీ."

"జయకుమార్, జయకుమార్! వాడు నాకు సవతి అయిపోయినాడు!"

ఆమె ఊరికే ఉండే మనిషి కాదు. ఆ మరునాడే శిరీన్‌ను వెంటబెట్టుకుని కడప బస్సెక్కింది. కాగితం వెనకాల ఉన్న అడ్రసు పట్టుకుని, ఆ వీధీ ఈ వీధీ అడిగి అడిగి, మధ్యాహ్నానికి జయకుమార్‌ను పట్టుకుంది. ఏజెంటు పని మానేసి జెరాక్సు అంగడి పెట్టుకున్నాడు. చాంద్ బేగంను చూడగానే మిషన్ వెనకాల దాక్కుందామని చూశాడు గానీ, మనిషి లావు, మిషన్ సన్నం.

"ఆ కొరియాయన సొంతూరికి వెళ్ళిపోయినాడమ్మా. తోట పని ఆగిపోయింది. మీకు చెప్పడానికి మొగం చెల్లక నంబరు మార్చేసినా. తప్పే. ఆ రాయి ఇంక ఎవరికీ వద్దు, మీరే పెట్టుకోండి."

చాంద్ బేగంకు ఆ మాట అమృతం మాదిరి అనిపించింది. పీడ వదిలింది, రాయి మాదైంది, ఇంక మా ఇష్టం అనుకుంది. మనవరాలికి కారం దోశ తినిపించి, తానూ ఒకటి తిని, బస్సులో కిటికీ పక్కన కూచుని పాట తీసింది. ఇంటికి వచ్చీ రాగానే గడపలో నుంచే చెప్పేసింది.

రసూల్ సాహెబు వీధిలో ఉన్న రాయి వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అయితే ఈ రాయికి ఇంక ఎవరూ రారన్న మాట."

"రారు! అదే గదా చెప్తాండా!"

"సొంతవాళ్ళు లేని రాయి ఎట్ల ముగుస్తాది చాందూ? ఎవరి కండ్ల ముందర చెక్కాల? ఇంక ఇది ఎప్పటికీ ముగియదు."

"నేను లేనా? నా ముందర చెక్కు."

"ఇది నీ ఇంటి పేరు కాదు, నీ మనిషి రాయి కాదు. ఎవరిదో రాయికి నిన్ను నిలబెట్టి సొంతదని చెప్తే అది దొంగ సాక్ష్యం. నలభై రెండేండ్లలో ఆ పని చేయలేదు."

చాంద్ బేగం నెత్తిన చెయ్యి పెట్టుకుని గడపలోనే కూలబడింది. జయకుమార్ ఏదో ఒక పొద్దు వస్తాడన్న ఆశన్నా ఉండేది. తానే బస్సు చార్జీ పెట్టుకుని పోయి ఆ తలుపు మూసి గొళ్ళెం పెట్టి వచ్చింది. శిరీన్ సెలవు అయిపోయి వెళ్ళిపోతూ దాదీని కావలించుకుని, మందులు మానొద్దని దాదాకు చెప్పి వెళ్ళింది. మందులు మింగుతూనే ఉన్నాడు. దుమ్మూ మింగుతూనే ఉన్నాడు.

జూన్ వచ్చింది, వాన రాలేదు. రసూల్ సాహెబు పిల్లనగ్రోవి ఊదినట్టు ఊపిరి తీయడం మొదలుపెట్టాడు. చాంద్ బేగం పక్క గదిలో ఉన్నా వినబడేది. నాలుగు మెతుకులు తింటే ఐదో మెతుక్కు దగ్గు. ఆ సమయంలో దావీదురాజు మళ్ళీ వచ్చాడు. వాళ్ళ నాయన రాయి ఊరంతా చూసిందంట. వాళ్ళ చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయి, నూరేళ్ళలో చర్చిని నిలబెట్టిన పెద్దల పేర్లన్నీ ఒక పెద్ద పలక మీద చెక్కాలి. నూట ఇరవై పేర్లు.

"నీ చెయ్యే కావాలన్నా. మా సంఘమంతా అదే మాట మీద ఉంది."

నూట ఇరవై పేర్లంటే నాలుగు నెలల పని. నాలుగు నెలల దుమ్ము. చాంద్ బేగం తలుపు వెనకాల నిలబడి, వద్దను వద్దను అని మనసులో వేడుకుంది. రసూల్ సాహెబు వేళ్ళతో గాల్లో ఏవో అక్షరాలు కొలుచుకుని సరే అన్నాడు. వచ్చే వారం బేస్తవారం మొదలుపెడతానన్నాడు. ఆ పూట నుంచి చాంద్ బేగం మొగునితో మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, నోరు విప్పేది కాదు. కోపం అనుకున్నారు చూసినవాళ్ళు. కోపం కాదు, భయం. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని ఆమె భయం.

బేస్తవారం వచ్చింది. పెద్ద పలకను నలుగురు మోసుకొచ్చి అంగట్లో పండబెట్టి పోయారు. రసూల్ సాహెబు దాని మీది దుమ్ము తుడిచి, సుద్దముక్క చేతిలోకి తీసుకుని వంగాడు. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. దగ్గు కూడా రాలేదు, ఊపిరే అందలేదు. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, తడుముకుంటూ గాలి కోసం వీధిలోకి వచ్చాడు. చాంద్ బేగం చెంబు పట్టుకుని వెనకాలే పరిగెత్తింది.

రెండేళ్ళలో ఊరంతా కూచున్న ఆ నీడలో ఆయన ఒక్కనాడూ కూచోలేదు. ముగియని పనికి ఆనుకోవడం ఆయనకు నామోషీ. ఆ పొద్దు ఆనుకున్నాడు. ఎడమ పక్క బోడిగా ఉన్న చోట వీపు ఆనించి, మెల్లగా కిందికి జారి, కాళ్ళు చాపాడు. చాంద్ బేగం రెండు గుక్కలు తాగించి, చెంగుతో విసిరింది. ఊపిరి మెల్లగా దారిలో పడింది. తల రాయికి వాల్చి కండ్లు మూసుకున్నాడు. ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. నిద్రపోయాడు. పగటి పూట ఆయన నిద్రపోవడం ఆమె కాపురానికి వచ్చాక చూడలేదు.

ఆమె ఎదురుగా నేల మీద కూచుంది, కన్నార్పకుండా ఆయన రొమ్ము లేవడం దిగడం చూస్తూ. అట్లా చూస్తుండగానే ఆయన తలపైన రాయి మీద ఒక గీత పడింది. ఏటవాలు గీత, పై నుంచి కిందికి. ఉలి లేదు, దెబ్బ లేదు, చిటికెడు దుమ్ము లేదు. తడి మట్టిలో వేలు దిగినట్టు రాయి లోపలికి దిగింది. కాసేపటికి ఆ వాలుగీత నడుమ నుంచి ఇంకో గీత మొదలై, నిలువుగా, ఆయన వీపు వెంబడి కిందికి జారి ఆగింది. నీడలో చెట్టు పక్కన మనిషి నీడ వచ్చి చేరింది.

లేవి చూశాడు. చూసి, పొయ్యి మంట తగ్గించి, రేడియో ఆపేశాడు. నంద్యాల బస్సు వస్తే ఎదురుపోయి, "హారన్ కొట్టొద్దు సామీ, సాయెబు పడుకున్నాడు," అన్నాడు. డ్రైవరు తల ఊపాడు. జనం చప్పుడు లేకుండా దిగి, చప్పుడు లేకుండా ఎక్కారు. మధ్యాహ్నం దావీదురాజు పేర్ల పట్టీ పట్టుకుని దిగాడు. చాంద్ బేగం పెదాల మీద వేలు పెట్టింది. ఆయన ఒక చూపు రాయి వైపు, ఒక చూపు మనిషి వైపు చూసి, చెప్పులు విడిచి పక్కన కూచున్నాడు.

పొద్దు వాలే వేళ అసర్ అజాన్‌కు రసూల్ సాహెబు కండ్లు తెరిచాడు.

"ఎంతసేపు పడుకుంటి?"

"ఐదు గంటలు," అంది చాంద్ బేగం. పది దినాల తర్వాత మొగునితో ఆడిన మొదటి మాట అది.

"నేనా?"

ఆయన లేచి వెనక్కి తిరిగి చూశాడు. దగ్గరికి పోయి బొటనవేలితో గీతల లోతు తడిమాడు. అంచు చూశాడు, కొస చూశాడు. పనివాడు కదా, ముందర పని చూశాకే మిగతావన్నీ. "లోతు సరిగ్గా ఉండాది. కొస కూడా చెదరలేదు. ఎవరు చెక్కినారు?"

"ఎవరూ చెక్కలేదు."

"ఈ వాలు నాదే," అన్నాడు తన భుజం ఒకసారి చూసుకుని. తర్వాత మొండితనం మళ్ళీ తలెత్తింది. "అయినా ఆఖరి గీత సొంతవాళ్ళు చూడాల గదా. దీనికి సొంతవాళ్ళు ఎవరు?"

ఇన్ని దినాలు దాచుకున్న ఏడుపంతా అప్పుడు బయటికి వచ్చింది చాంద్ బేగంకు. ఏడుస్తూనే గొంతెత్తి అడిగింది. "నేను చూసినా! మొదటి గీత చూసినా, ఆఖరి గీత చూసినా, ఈ రెండు కండ్లతో. ఆ చెట్టు కింద ఉండేది ఎవరు? నా మొగుడు. నేను వానికి సొంతదాన్ని కాదని చెప్పు, ఇంతమందిలో చెప్పు, చూద్దాం!"

లేవి బండి గ్లాసులు కడగడం ఆపేశాడు. దావీదురాజు తల వంచుకున్నాడు. రసూల్ సాహెబు రాయికి అడ్డం తొలిగాడు. చాంద్ బేగం చెంబులో మిగిలిన నీళ్ళు ఎత్తి రాయి మీద పోసింది. కడగడానికి దుమ్మేమీ లేదు, అయినా పోసింది. పద్ధతి పద్ధతే.

రసూల్ సాహెబు అంగట్లోకి పోయాడు. ఉలిని, సుత్తిని గోనెగుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. బయటికి వచ్చి దావీదురాజు ముందర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాట తప్పినాననుకోవద్దప్పా. అంగట్లో ముగియని రాయి ఇంక ఒక్కటీ లేదు. నీ పలక మీద ఇంకా సుద్దగీత కూడా పడలేదు, అది మొదలుకాని రాయి. నూట ఇరవై పేర్లూ నేను కాగితం మీద రాసిస్తా, నా అక్షరంతో. పాణ్యం పోయే దావలో ఫారూఖ్ అని ఉండాడు, నీళ్ళు పోసి కోసే మిషన్ ఉండాది వాని దగ్గర. దుమ్ము లేవదు. నా రాత వాడు దించుతాడు."

"మాకు నీ అక్షరం కావాలన్నా," అన్నాడు దావీదురాజు, "నీ ఊపిరి కాదు."

ఆ తర్వాత మూడు తూర్లు కర్నూలు పోయి ఫిల్ము తీయించారు. మచ్చలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, ఒక్క వెంట్రుకవాసి పెరగలేదు. డాక్టరమ్మ ఫిల్ములన్నీ పక్కపక్కన పెట్టి చూసి, ఏం మందు వాడినారని అడిగింది. చెట్టు కింద కూచోబెట్టినానని చెప్పింది చాంద్ బేగం. మంచి పని చేసినావని చెప్పి, డాక్టరమ్మ ఆ మాట చీటీలో రాసుకుంది. అదంతా తర్వాతి మాట.

ఆ సాయంత్రం దావీదురాజు వెళ్ళిపోయాక రసూల్ సాహెబుకు ఏం చేయాలో తోచలేదు. అంగట్లోకి పోయి వచ్చాడు. ఇంట్లోకి పోయి వచ్చాడు. కడకు వచ్చి రాయి కింద కూచున్నాడు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు.

"రేపు పొద్దున లేసి ఏం చేయాల?" అని అడిగాడు.

"ఏమీ చేయొద్దు," అంది చాంద్ బేగం.

"అది ఎట్ల చేస్తారు?"

చాంద్ బేగం చెప్పబోయి ఆగింది. పదిహేడో ఏట ఈ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచి ఒక్క పూట వెతికి చూసుకుంది, ఊరికే కూచున్న పూట. దొరకలేదు. ఆమెకు నవ్వొచ్చింది.

"నాకూ తెల్దు," అంది. "జరుగు కొంచెం."

ఆయన జరిగాడు.